బడి గడపలో విజ్ఞాన రచయిత

తెలుగులో బాలల కోసం వచ్చిన విజ్ఞాన సాహిత్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా పుస్తకాల పట్టికతో మొదలుపెట్టి పుస్తకాల పట్టికతోనే ముగిస్తాం. ఎవరు, ఏ శాస్త్రం మీద, ఎలాంటి భాషలో, ఎప్పుడు రాశారన్నది తెలియవలసిందే. కాని ఆ పుస్తకం చదివిన పిల్లవాడు ఏమన్నాడు, ఆ మాట రచయిత చెవిన పడిందా, పడితే రచనలో ఏ మార్పు వచ్చింది అన్న ప్రశ్నలకు ఆ పట్టికలో చోటు వుండదు. వాటికి జవాబు దొరికేది బడిలోనే. రచయిత తన పుస్తకం చేతపట్టుకొని బడి గడప తొక్కిన సందర్భాలకు ఒక చరిత్ర వుంది. దానిని కూడా సాహిత్య చరిత్రలో భాగంగానే పరిశీలించాలని నా అభిప్రాయం.

నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. సైన్సు బోధించే అర్హత నాకు లేదు. అయినా ఈ విషయం మీద కలం పట్టడానికి కారణం, నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉదయగిరి, ఆత్మకూరుల మధ్య వున్న ఒక ఉన్నత పాఠశాలలో నేను కళ్ళారా చూసిన ఒక సంఘటన. ముందు దానిని చెప్పి, తరువాత చరిత్రలోకి వెళతాను.

కొన్నేళ్ళ క్రితం, పిల్లల కోసం సైన్సు పుస్తకాలు రాసే ఒక రచయిత మా బడికి వచ్చారు. పేరు ఇక్కడ అప్రస్తుతం. ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి. చేతిసంచీలో కొన్ని పుస్తకాలు, నాలుగు గ్లాసులు, రెండు చెంచాలు తెచ్చుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలను వరండాలో కూర్చోబెట్టి, వేడినీళ్ళలో ఒక స్టీలు చెంచా, ఒక కొయ్య చెంచా వేసి, కొసలు పట్టుకొని చూడమన్నారు. పిల్లలు నవ్వారు. ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కడం తరతరాల వృత్తి. ఆ పని చేసే ఇళ్ళతో చుట్టరికం వున్న పిల్లలు ఆ తరగతిలో వున్నారు. ఏ కొయ్య గరిటెకు పనికివస్తుందో, ఏది పనికిరాదో వాళ్ళు చెప్పసాగారు. ఆయన రాసుకున్నారు. అరగంట సేపు ఆయన అడిగారు, పిల్లలు చెప్పారు.

ఆ తరువాత ఆయన తన మరో పుస్తకం పిల్లల చేతికిచ్చారు. అందులో పళ్ళ గురించి ఒక పాఠం. రోజూ శుభ్రంగా తోముకునే పిల్లల పళ్ళు తెల్లగా వుంటాయనీ, తోముకోని వాళ్ళ పళ్ళకు గార పడుతుందనీ దాని సారాంశం. పక్కన బొమ్మ కూడా వుంది. తెల్లటి పళ్ళతో నవ్వుతున్న అబ్బాయి ఒకడు, గోధుమరంగు పళ్ళతో మొహం ముడుచుకున్న అబ్బాయి మరొకడు. పుస్తకం ఒక చేతినుంచి మరో చేతికి పోయినకొద్దీ తరగతి నిశ్శబ్దమైపోయింది. వరికుంటపాడు వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో వుండి చదువుకుంటున్న ఒక అమ్మాయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొనే లేచి నిలబడింది.

"సార్, మేం పొద్దన్నే తోముకుంటాం సార్. మా నాయన యాపపుల్లతో తోముకుంటాడు. అయినా మా వూళ్ళో అందరి పళ్ళూ ఇట్టానే వుంటాయి. ఎందుకు సార్?"

రచయిత వెంటనే జవాబు చెప్పలేదు. "ఏ వూరమ్మా మీది? మీరు తాగే నీళ్ళు బావివా, బోరువా?" అని అడిగారు. బోరు నీళ్ళేనని చెప్పింది. ఆయన ఆ పుస్తకం వెనక్కి తీసుకొని, ఆ పుట మడిచి, "ఈ పాఠం నేను తప్పు రాశానమ్మా. మీ పళ్ళలో తప్పేమీ లేదు, తప్పు మీ నీళ్ళలో వుంది" అన్నారు.

ఆ మాట విన్నప్పుడు నాకు నా పాఠం గుర్తుకొచ్చింది. ఉపమాలంకారం చెప్పేటప్పుడు నేను ఏళ్ళ తరబడి వాడిన ఉదాహరణ, "ఆమె పళ్ళు ముత్యాలవలె తెల్లగా ఉన్నాయి" అన్నది. పళ్ళు ఉపమేయం, ముత్యాలు ఉపమానం, తెల్లగా ఉండడం సమానధర్మం అని నల్లబల్ల మీద రాసేవాణ్ణి. ఆ ధర్మం నా ఎదుట కూర్చున్న పిల్లలకు సమానమేనా అని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ పాఠం అప్పగించమంటే నోరు విప్పని పిల్లలను మొద్దులనుకున్నాను. ప్రబంధ కవుల దంతవర్ణన, ఆ సైన్సు పుస్తకంలోని బొమ్మ, నా అలంకార పాఠం - మూడూ ఒకే కొలబద్దతో ఆ పిల్లలను కొలిచాయి. ఆ కొలబద్దను మొదట ప్రశ్నించింది ఒక పదమూడేళ్ళ పాఠకురాలు.

ఆమె అడిగిన ప్రశ్న వెనుక పెద్ద కథే వుంది. మెట్ట ప్రాంతపు రాళ్ళలో, అభ్రకం వంటి ఖనిజాలలో ఫ్లోరైడు వుంటుంది. వానలు తక్కువై, బోర్లు లోతుకు పోయినకొద్దీ, నీరు ఆ రాళ్ళతో ఎక్కువ కాలం కలిసి వుండి ఫ్లోరైడును కరిగించుకుంటుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు వుండాలనీ, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి. చిగుళ్ళలో శాశ్వత దంతాలు తయారయ్యే తొలి ఎనిమిదేళ్ళలో ఇంతకు మించిన నీరు తాగితే పంటి పైపొర సరిగా ఏర్పడదు. మొదట తెల్లటి మచ్చలు, తరువాత పసుపు, గోధుమరంగు చారలు వస్తాయి. అవి పైనుంచి అంటినవి కావు కనుక ఎంత తోమినా పోవు. మరీ ఎక్కువ ఫ్లోరైడు వున్న నీరు ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు, వెన్నెముక బిగుసుకుపోతాయి. పాలు, పప్పు, ఆకుకూర అందని శరీరాలను ఇది మరింత కుంగదీస్తుంది. అంటే ఇది పేదరికంతో ముడిపడిన జబ్బు.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కూడా కాదు. షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైన వైద్యులు మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి 1937లోనే పరిశోధనా పత్రం ప్రకటించారు. ఆ రోగులు ఆనాటి నెల్లూరు జిల్లా వారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలోనే వుండేవి. 1970ల నాటికి పటిక, సున్నం వాడి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అని తెలుగు నేల పేరే పెట్టారు. శాస్త్రానికి ఇంత తెలుసు. ఈ ప్రాంతపు పిల్లల చేతికి వచ్చిన సైన్సు పుస్తకానికి మాత్రం తెలియలేదు. దీనికి రచయిత అజ్ఞానమే కారణమంటే సరిపోదు. పుస్తకం ఏ దారిన పిల్లలను చేరుతున్నదో, పిల్లల మాట తిరిగి పుస్తకాన్ని చేరే దారి వున్నదో లేదో చూడాలి. ఇక్కడే చరిత్ర అవసరమవుతుంది.

పిల్లలకు సైన్సు చెప్పే ఉపన్యాసాల ప్రస్తావన రాగానే అందరూ ఫారడే పేరు చెబుతారు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. కమ్మరి కొడుకుగా పుట్టి, పుస్తకాల బైండింగు పని నేర్చుకొని, శాస్త్రవేత్తగా ఎదిగిన మైకేల్ ఫారడే, ఒక కొవ్వొత్తిని ఆధారం చేసుకొని 1848లోనూ, మళ్ళీ 1860లోనూ రసాయనశాస్త్రం బోధించాడు. 1861లో అది పుస్తకంగా వచ్చింది. కొవ్వొత్తిని ఎంచుకోవడంలో గొప్ప ప్రజాస్వామిక దృష్టి వుంది. అది ప్రతి ఇంట్లో వుండే వస్తువు. అయితే ఆ సభామందిరానికి రాగలిగింది లండన్‌లోని కలిగిన ఇళ్ళ పిల్లలు. శాస్త్రవేత్త తన మందిరంలోనే వున్నాడు, పిల్లలు ఆయన దగ్గరకు పోయారు. కమ్మరి కొలిమి దగ్గరున్న పిల్లవాడికి ఆ తలుపు తెరుచుకోలేదు.

మన దేశంలో సమస్య ఇంకా జటిలం. ఇక్కడ శాస్త్రం పరభాషలో వచ్చింది. కందుకూరి వీరేశలింగం శరీరశాస్త్రం, జంతుశాస్త్రం వంటివి తెలుగులో రాయడం, 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి చరిత్రతోపాటు జీవ, రసాయన, పదార్థ విజ్ఞాన శాస్త్రాలను తెలుగులోకి తేవడం, ఆ పరిస్థితిలో సాహసాలే. తెలుగులో శాస్త్రం చెప్పవచ్చునని వారు నిరూపించారు. కాని వారి పాఠకుడు అప్పటికే బాగా చదువుకున్న యువకుడు. గ్రాంథికం అతనికి అడ్డం కాదు. పల్లెబడి పిల్లవాడు వారి ఊహలో ఇంకా లేడు.

ఆ లోపాన్ని సవరించే సూత్రం మనకు సైన్సు రచయితల నుండి గాక ఒక భాషావేత్త నుండి లభించింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి సవరల దగ్గరకు పోయి, వారి మాట నేర్చుకొని, ఆ మాటతో వాచకాలు తయారుచేసి, వారికోసం బడులు నడిపారు. ముందు వినడం, తరువాత రాయడం - ఇదీ ఆయన పద్ధతి. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం క్రియారూపాల వివాదంగా చదువుకున్నాం. పాఠకుడి నోటికి రచయిత తన చెవిని అప్పగించడం దాని అసలు సారమని నేననుకుంటాను.

స్వాతంత్ర్యం తరువాత పిల్లల విజ్ఞాన సాహిత్యానికి రెండు కొత్త ఊటలు దొరికాయి. ఒకటి, విశాలాంధ్ర ద్వారా చౌక ధరకు అందిన సోవియట్ పుస్తకాలు. మంచి కాగితం, రంగుల బొమ్మలు, శ్రమను గౌరవించే దృష్టి. మా తరం వాటితోనే పెరిగింది. కాని అందులోని మంచు, బర్చి చెట్టు మావి కావు. ఆ రచయిత మా బడికి వచ్చే అవకాశమూ లేదు. 1991తో ఆ ఊట ఎండిపోయింది. రెండవది, మాస్కోలో పరిశోధన చేసి వచ్చిన మహీధర నళినీమోహన్ వంటి వారి రచన. 'కేలెండర్ కథ', 'నిప్పు కథ', 'రాకెట్టు కథ' అన్న పేర్లే ఆయన మార్గాన్ని చెబుతాయి. శాస్త్రాన్ని కథనంలోకి దించి, ఎదురుగా కూర్చున్న వాడితో మాట్లాడుతున్నట్టు చెప్పారు. తెలుగు విజ్ఞాన వచనానికి అది పెద్ద మలుపు. మిగిలిపోయింది ఒక్కటే. ఎదురుగా కూర్చున్నవాడు ఇంకా ఊహలోని శ్రోతే. అతడు తిరిగి మాట్లాడాలి.

అతడు తిరిగి మాట్లాడిన ప్రయోగం మధ్యప్రదేశ్‌లో జరిగింది. 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో విజ్ఞాన బోధనా కార్యక్రమం ఒకటి మొదలైంది. అక్కడి 'బాల్ వైజ్ఞానిక్' పాఠ్యపుస్తకాలు తరగతిలో పిల్లల చేత పరీక్షింపబడి, తిరిగి రాయబడ్డాయి. సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తి పేరిట పిల్లలు ప్రశ్నలు ఉత్తరాలుగా రాసేవారు. చెత్తలో పారేసే వస్తువులతో ఆటబొమ్మలు చేసి సైన్సు చెప్పే పుస్తకాలు రాసిన అరవింద్ గుప్తా 1978లో ఆ కార్యక్రమంలోకి వచ్చి, అక్కడి సంతల నుంచీ బడుల నుంచీ నేర్చుకొని, తరువాత దేశంలోని వేలాది బడులు తిరిగారు. ప్రభుత్వం 2002లో హోషంగాబాద్ కార్యక్రమాన్ని ఆపివేసింది. పిల్లల ప్రశ్నల మీద నిలిచిన పాఠ్యపుస్తకాన్ని ఏ అధికార యంత్రాంగమూ ఎక్కువ కాలం సహించలేదన్నది గుర్తుంచుకోదగిన విషయం.

దక్షిణాన 1962లో ఏర్పడిన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, దాని పేరే చెబుతున్నట్టు, రచయితల సంఘంగానే మొదలై ప్రజల్లోకి నడిచింది. 1987లో దేశం నలుమూలల నుండి బయలుదేరిన భారత జన విజ్ఞాన జాతా, 1988లో మన రాష్ట్రంలో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక, ఆ వేదిక పిల్లల కోసం నడిపిన 'చెకుముకి' పత్రిక ఈ వరుసలోవే. ఈ దారి మా పడమటి నెల్లూరుకు అక్షరాస్యతా ఉద్యమ రూపంలో వచ్చింది.

1990-91లో నెల్లూరు జిల్లా సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమంలో జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు కళాజాతాలతో పల్లెలు తిరిగారు. అప్పుడు నాకు పదేళ్ళు. పగలు మేం చదువుకునే బడిలోనే రాత్రి మా అమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు లాంతరు చుట్టూ కూర్చుని వాచకం చదివేవారు. ఆ వాచకంలోని 'సీతమ్మ కథ' చదివిన కలిగిరి మండలం దూబగుంట స్త్రీలు దానిని పాఠంగా వదిలెయ్యలేదు. సారా తమ ఇళ్ళను ఎలా కూలుస్తున్నదో మాట్లాడుకొని, సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. తరువాత దూబగుంట అనుభవం 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠంగా వాచకంలోకి ఎక్కింది. ఆ పాఠం మరిన్ని వూళ్ళను కదిలించింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు.

ఈ ఉద్యమం మీద చాలా రాశారు. సాహిత్య విద్యార్థులు గమనించవలసిన ఒక అంశాన్ని మాత్రం నేను ఇక్కడ ప్రత్యేకంగా ఎత్తి చూపుతున్నాను. పుస్తకం పాఠకురాలిని చేరింది. పాఠకురాలు దానికి తన బతుకుతో జవాబిచ్చింది. ఆ జవాబు తిరిగి పుస్తకంలో పాఠమయింది. రచయితకూ పాఠకులకూ మధ్య ఈ వలయం పూర్తికావడం తెలుగు సాహిత్య చరిత్రలో అరుదైన ఘటన. అది జరిగింది మా మెట్ట పల్లెల్లో, అక్షరాలు అప్పుడే నేర్చుకున్న తల్లుల చేతుల్లో. మరి ఆ తల్లుల బిడ్డల కోసం రాసిన సైన్సు పుస్తకాల్లో ఆ వలయం ఎందుకు పూర్తికాలేదు?

ఇందుకు మన అభ్యుదయ శిబిరం కొంత ఆత్మవిమర్శ చేసుకోవాలి. శాస్త్రీయ దృక్పథం అనగానే మనం మూఢనమ్మకాల ఖండనకే పెద్దపీట వేశాం. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా వూగిపోయినప్పుడు, ద్రవాల తలతన్యత గురించి బడిబడికీ చెప్పవలసిందే. ఆ పని ఈనాటికీ అవసరమే. కాని గారపట్టిన పళ్ళు మూఢనమ్మకం వల్ల వచ్చినవి కావు. అక్కడ బాబా లేడు, మహిమ లేదు. బోరు వుంది, కరువు వుంది, మంచినీటి పథకం అందని పల్లె వుంది. ఇలాంటి చోట శాస్త్రం చెప్పాలంటే రచయిత ఆ వూరి నీళ్ళ గురించి అడగాలి. అడగని సైన్సు పుస్తకం, తనకు తెలియకుండానే, వ్యవస్థ చేసిన తప్పును పిల్లవాడి నెత్తిన రుద్దుతుంది.

నేటి పరిస్థితి చూద్దాం. బడికి రచయిత రావడమంటే ఎక్కువ చోట్ల శాలువా, ఫొటో, గంటసేపు ఉపన్యాసం, చివర వందన సమర్పణ. ప్రశ్నలకు ఐదు నిమిషాలు. అవీ ముందుగా ఉపాధ్యాయులు రాసిచ్చినవి. నేనూ అలా రాసిచ్చినవాణ్ణే. ఇక పాఠ్యపుస్తకాల సంగతి. 2020-21 నుంచి మన ప్రభుత్వ బడుల్లోకి ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు వున్న పుస్తకాలు వచ్చాయి. రెండు పుటల్లోనూ "మా వూళ్ళో ఇట్టానే వుంటాయి సార్" అన్న గొంతుకు చోటు లేదు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుండి జీవపరిణామ పాఠాన్ని తొలగించినప్పుడు 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన తెలిపారు. పాఠ్యపుస్తకం కుదించుకుపోతున్న కాలంలో బయటి పుస్తకం బాధ్యత పెరుగుతుంది.

రచయిత పని రాయడమే, బళ్ళు తిరగడం ప్రచారకుల పని అనే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. వస్తువు జీవితం నుండి రావాలని మనం కథకుడికి, కవికి చెబుతున్నాం. బాలల విజ్ఞాన రచయితకు ఆ సూత్రం వర్తించదా? అతని వస్తువు ప్రకృతి ఒక్కటే కాదు, ఆ ప్రకృతిలో ఒక నిర్దిష్ట స్థలంలో బతికే పిల్లవాడు కూడా.

మా బడికి వచ్చిన ఆ రచయిత మరుసటి ఏడు మళ్ళీ వచ్చారు. ఈసారి సభ వద్దన్నారు. ఆ పళ్ళ పాఠాన్ని కొత్తగా చేత్తో రాసి తెచ్చి, అదే పిల్లలకు చదివి వినిపించారు. రెండు బొమ్మలూ పోయాయి. వాటి స్థానంలో ఒక బోరింగు, దాని కింద రాతి పొరలు. 'భూగర్భ జలం' అని ఆయన రాసిన చోట, "బోరు నీళ్ళంటే సరిపోతుంది కదా సార్" అన్నాడు ఒక కుర్రవాడు. ఆయన దిద్దుకున్నారు. నీళ్ళలో ఫ్లోరైడు ఎంతుందో పరీక్ష చేయించుకోవచ్చుననీ, దాన్ని తగ్గించే మార్గాలున్నాయనీ చదివి ముగించారు. అప్పుడు ఆ అమ్మాయి లేచింది.

"మరి మా వూరి నీళ్ళు ఎవురు మారుస్తారు సార్?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ కాగితాల్లో లేదు. ఆయన దానిని కూడా పాఠం చివర రాసుకున్నారు, ప్రశ్నగానే. నేను ఆ ఏటి నుండి ఉపమాలంకారానికి ఉదాహరణ మార్చుకున్నాను. ఇవి చిన్న దిద్దుబాట్లే. ఆ వూరికి మంచినీళ్ళు తేవడం ఒక పుస్తకం వల్ల అయ్యే పని కాదు. కాని దూబగుంటలో కూడా కథ చిన్న వాచకంతోనే మొదలయింది.

కనుక మన రచయితల సంఘాల ముందు నాదొక ప్రతిపాదన. బాలల విజ్ఞాన గ్రంథమేదైనా అచ్చుకు పోయేముందు కనీసం రెండు పల్లె బడుల్లో చదవాలి. రచయిత ముఖ్య అతిథిగా కాక శ్రోతగా పోవాలి, ఒకే బడికి రెండోసారి కూడా పోవాలి. పిల్లల ప్రశ్నలను పుస్తకం చివర అచ్చువెయ్యాలి, జవాబు లేనివాటితో సహా. విమర్శకులు కూడా ఆ పుటలను చదివే ఆ పుస్తకానికి విలువ కట్టాలి.